నీలి సున్నలు

"లేవండమ్మా, లేవండి! ఆ కుర్చీ ఒకరిది."

మాస్టారు వేదిక మీంచి దాదాపు దూకినంత పని చేశారు.

ముందు వరుసలో కూర్చున్న ఆవిడ ఉలిక్కిపడి లేచింది. ఒళ్లోని గుడ్డసంచీని చంకలోకి మార్చుకుంది.

"ఎవరూ లేరు కదాని కూర్చున్నానండి."

"వీపు వెనక చీటీ చూళ్లేదా?"

ఆవిడ వెనక్కి తిరిగి, కుర్చీకి అంటించిన చీటీని మెల్లగా చదివింది. "మా మహాపండితులకు. ఎవరండీ ఆయన?"

ఆ మాత్రం అడిగితే చాలు, మాస్టారికి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. మనస్తత్వశాస్త్రంలోని మాటల్ని మామూలు మనుషులకు విడమర్చి చెప్పే పుస్తకం రాశారాయన. ఇవాళే విడుదల.

"నేనూ చూళ్లేదమ్మా! ప్రచురణకర్త గారు నా రాతప్రతిని ఎవరికో చూపించారు. పేరు మాత్రం ఇవాళే చెబుతానన్నారు. తిరిగొచ్చిన కాగితాల నిండా నీలి సున్నలే! ఒక్కో సున్న పక్కన ఒకటే మాట, 'అర్థం కాలేదు' అని."

"అయ్యో! కోపం రాలేదా మీకు?"

"అబ్బే."

"రెండు రోజులు అన్నం మానేశారు, అది చెప్పరేం?" పక్క కుర్చీలోంచి మాస్టారి భార్య అందుకుంది.

"నువ్వూరుకోవే! అర్థం కాలేదని రాసే ధైర్యం మహాపండితుడికి తప్ప ఎవరికుంటుందమ్మా? 'నిబంధనం', అంటే ఒకదానికి ఇంకోటి అలవాటుగా ముడిపడిపోవడం, ఆ మాటకి నేను రెండు పేజీలు రాశాను. ఆయన పక్కన ఒక్క ముక్క రాశారు. 'మిషను ఆగితే చాలు, తిండి వేళయిందని మా పిల్లి పరిగెత్తుకొస్తుంది. ఇదేనా?' అని. అదే! రెండు పేజీలూ కొట్టేసి ఆ పిల్లిని పెట్టేశాను. ఆయనకి సొంత ప్రయోగశాల కూడా ఉన్నట్టుంది!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పిల్లి ఎవరింట్లోనైనా ఉంటుంది కదండీ?"

"పిల్లి వేరు, పరిశీలన వేరమ్మా! పుస్తకం మొత్తానికి ఒక్కచోటే ఆయన సున్న పెట్టలేదు. 'పరివేష ప్రభావం' దగ్గర. అంటే, మనిషిలో ఒక్క గుణం చూసి మిగతాదంతా మనమే ఊహించేసుకోవడం."

"అది తేలిగ్గానే అర్థమై ఉంటుందండి. రోజూ చూసేదేగా."

మాస్టారు వినిపించుకోలేదు. కాగితంలో చుట్టిన పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నారు. "మొదటి ప్రతి ఆయన చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. రెండో పుస్తకం కూడా చూసిపెట్టమని అడగాలి. ఆయన లేకపోతే రాయలేను. మీరు వెనక కూర్చోండి, ఆయన్ని చూసి వెళ్దురుగాని."

"నాకు రైలు వేళవుతోందండి. కొట్టు ఎత్తేశాను, మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను. పుస్తకం అందరికీ అర్థమైతే అదే చాలు."

ఆవిడ సంచీలో ఏదో వెతుక్కుంటూ కుర్చీ వెనక కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

హాలు నిండింది. ఆ కుర్చీ ఒక్కటే ఖాళీ.

"దేవుడా, ఆయన్ని తప్పకుండా పంపు," అని మాస్టారు కళ్లు మూసుకున్నారు.

పుస్తకాల కట్టలు దించుకుని, ఆలస్యంగా, ప్రచురణకర్త లోపలికొచ్చారు. మాస్టారు ఎదురు పరిగెత్తారు.

"ఆయన ఇంకా రాలేదండీ!"

"ఆయనా?" అన్నారు ప్రచురణకర్త.

ఇద్దరూ కుర్చీ వైపు తిరిగారు.

చీటీ మీది 'మహాపండితులకు' అన్న మాట చుట్టూ, దర్జీలు గుడ్డ మీద గీసే సుద్ద పెన్సిల్‌తో ఓ నీలి సున్న చుట్టి ఉంది, పక్కనే, మాస్టారికి బాగా తెలిసిన దస్తూరీలో, "అర్థం కాలేదు."