మంత్రిగారు వస్తున్నారట

మూడు రోజులు మొత్తుకున్నా రాని అగ్నిమాపక ట్యాంకర్లు, ఆ పొద్దున తొమ్మిదింటికల్లా నాలుగు వచ్చి యారంబిల్ క్రికెట్ మైదానంలో వరసగా నిలబడ్డాయి. వెనకాలే ఒక బుల్‌డోజరు. పైన నీళ్ళు చల్లే హెలికాప్టరు.

ఊరి హాల్లో టీ, తిండి చూసుకుంటున్న నోలాకి, కిటికీలోంచి చూడగానే సంతోషం కన్నా అనుమానమే ఎక్కువైంది. వచ్చాయి సరే, ఎంతసేపుంటాయి?

ఆ హాల్లో ముప్ఫై ఎనిమిది మంది తలదాచుకున్నారు. సగం మంది చేతికర్ర లేకుండా అడుగు వెయ్యలేని వాళ్ళు. మూడింటికి గాలి తిరుగుతుందని రేడియో ఒకటే పోరు. తిరిగిందంటే పడమటి గట్టు అవతలున్న కార్చిచ్చు నేరుగా ఊళ్ళోకే.

"మంత్రిగారొస్తున్నారట," అన్నాడు మెర్వ్, నోలా చేతిలోని టీ కప్పు అందుకుంటూ. ఊరి వాలంటీర్ అగ్నిమాపక దళానికి అతనే కెప్టెన్. ఇరవయ్యేళ్ళ నాటి ట్యాంకరొక్కటే అతని సైన్యం. "అందుకే ఈ హడావిడి."

"మన ఊరికా? పోయిన ఎన్నికల్లో ఆయనకి పడినవి పదకొండు ఓట్లు."

"ఆ పదకొండు మందీ ఎవరో చూసిపోదామనేమో."

ఇంతలో గార్త్ లోపలికొచ్చాడు. జిల్లా అగ్నిమాపక కార్యాలయం మనిషి. మూడు రోజులుగా ఫోనులో "పరిశీలిస్తున్నాం మేడమ్" అంటున్న గొంతు అతనిదే. ఇస్త్రీ చొక్కా మీద ఇంకా ఒక్క బూడిద రేణువు కూడా వాలలేదు.

"ట్యాంకర్లు మైదానం దాటకూడదు. ఫోటోలో నాలుగూ పడాలి," అన్నాడు.

"నిప్పక్కడుంటే ఇక్కడ గడ్డికి నీళ్ళు పెడతావా?" మెర్వ్ మీదికి లేచాడు.

నోలా ఇద్దరి మధ్యకీ శాండ్‌విచ్‌ల పళ్ళెం జరిపింది. "ఒక మాట నాయనా. ఉత్త మైదానంలో ఏం బాగుంటుంది ఫోటో? ఆ పడమటి గట్టు మీద పెట్టించు. వెనకాల పొగ కూడా పడుతుంది."

గార్త్ ఆమెను ఎగాదిగా చూశాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు.

ట్యాంకర్లు గట్టెక్కాయి. మరి మంత్రిగారి కారు కూడా ఎక్కాలి కదా. బుల్‌డోజరు గట్టు పొడవునా చెట్లూ పొదలూ గీకిపారేసి, వెడల్పాటి మట్టిబాట తీసింది. మామూలు రోజుల్లో దాన్నే నిప్పుకి అడ్డుకట్ట అంటారు.

పదకొండింటికి గార్త్ మొహం మారింది. ఫోను చెవికానించుకుని హాలంతా కొలుస్తున్నాడు.

"మంత్రిగారి ఆఫీసులో ఈ ప్రయాణం సంగతి ఎవరికీ తెలీదట!"

"ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందిలే," అంది నోలా.

"పార్టీవాళ్ళనడిగితే టీవీవాళ్ళని అడగమన్నారు. టీవీవాళ్ళేమో మా ట్యాంకర్లని చూసి బయల్దేరారట. నీకెవరు చెప్పారు మెర్వ్?"

"మీ కంట్రోల్ రూమే."

"వాళ్ళకెవరు చెప్పారు?"

"నన్నడుగుతావేం? మీలో మీరు చెప్పుకోరా?"

గార్త్ హాల్లో ఒక్కొక్కరి మొహమూ వెతికాడు. ఒక ముసలాయన అనవసరంగా కంగారుపడి టోపీ తీశాడు.

"ఒంటిగంటలోగా ఎవరూ ఖాయం చెయ్యకపోతే బళ్ళు వెనక్కి తీసుకెళ్ళిపోతా. అవతల బీచ్ దగ్గర అన్ని హోటళ్ళున్నాయి, వాటికి కాపలా కావాలి."

"పోదువుగానీ, ముందు తిను," అంది నోలా. అప్పుడే కాల్చిన స్కోన్ రొట్టెలు పెట్టింది. జామ్ పెట్టింది. గార్త్ వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి ఒక్కో మోకాలూ విడివిడిగా అడిగింది. మాట అతనితోనే, చూపు మాత్రం గడియారం మీద.

ఒంటిగంటకి అయిదు నిమిషాలుందనగా గార్త్ ఫోను మోగింది. మంత్రిగారి ఆఫీసు.

"యారంబిల్ వస్తున్నారని టీవీలో చెప్పేశారయ్యా! ఇప్పుడు రాకపోతే పరువేముంటుంది? నాలుగింటికి అక్కడుంటారు. ఒక్క ట్యాంకరు కదిలినా ఊరుకోం."

గార్త్ ఇంకో స్కోన్ తీసుకున్నాడు.

మూడింటికి పది నిమిషాల ముందే గాలి తిరిగింది. గట్టు అవతల మంట నిలువెత్తున లేచింది. హాల్లో బల్లల కింద కుక్కలు మొరగడం మానేశాయి. మెర్వ్ ఎప్పుడు వెళ్ళాడో, టీ సగంలోనే ఉంది.

నలభై నిమిషాలు.

మంత్రిగారి బాట దాకా వచ్చి మంట ఆగిపోయింది. బాట దాటిన రవ్వల పని నాలుగు ట్యాంకర్లూ, మెర్వ్ ముసలి బండీ పట్టాయి. ఊరి చివర ఒక గొర్రెల కొట్టం కాలిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

నాలుగింటికి మంత్రిగారు దిగారు. మడతలు విప్పని పసుపు జాకెట్టు. చుట్టూ కెమెరాలు.

"మొదటి రోజు నుంచీ యారంబిల్ మీదే నా కన్ను," అన్నారు.

గార్త్ తలూపాడు. మెర్వ్‌కి దగ్గొచ్చింది.

మంత్రిగారు టీ బల్ల దగ్గరికి రాగానే నోలా కప్పు నింపి, "పంచదార ఎన్ని చెంచాలండీ?" అని వినయంగా అడిగింది.

పొద్దున ఆరింటికి ఆమె కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, మంత్రిగారి టీ కోసమని ఇదే ప్రశ్న అడిగేదాకా, మంత్రిగారు యారంబిల్ వస్తున్నారన్న సంగతి మంత్రిగారితో సహా ఎవరికీ తెలియదు.