ఎవరి ఫైలు వాళ్ళకి

“ఉత్తరాలన్నీ పోయేయండీ మేడం గారూ!”

తాతారావు గారు తెర వైపు చెయ్యి చూపించారు.

అమలాపురం కంప్యూటర్ సెంటర్లో క్లాసు ముగించి బ్యాగు సర్దుకుంటున్న సలోమి, విసుగ్గా వచ్చి తెర చూసింది.

ఆయన డెబ్భై ఏళ్ళ మనిషి. రోజూ ఓడలరేవు నుంచి బస్సులో వచ్చి, ఇంజినీరింగు పిల్లల మధ్య కూర్చుని పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు. టెక్స్ట్ ఫైలు చదవడం, రాయడం వస్తే చాలు, మిగతా పాఠాలేవీ వద్దనేవారు.

ఆయన టైపు చేసుకున్న పెద్ద ఫైలొకటి ఉంది. నిండా పాత ఉత్తరాలు, అందరివీ కలగాపులగంగా. ప్రోగ్రాం వాటిని చదివి, ఎవరి పేరున వాళ్ళకి వేరే ఫైలు చెయ్యాలి.

“ఎవరి ఫైల్లో చూసినా ఆఖరి ఉత్తరమొక్కటే మిగిలిందండి.”

“ఫైలు తెరిచేటప్పుడు ‘డబ్ల్యూ’ పెట్టేరు బాబాయి గారూ. తెరిచిన ప్రతిసారీ పాతది చెరిగిపోతుంది. ‘ఎ’ పెట్టండి, కొత్తది పాతదాని కింద చేరుతుంది.”

“మరి పోయినవో?”

“మీ పెద్ద ఫైలు చదివేమంతే. దానికేమీ కాలేదు.”

“ఆయ్!” ఆయన గుండె మీద చెయ్యేసుకున్నారు. “ఇందులో చాలామంది ఇప్పుడు లేరండి. పిల్లలెక్కడున్నారో వెతికి, ఎవరివి వాళ్ళకివ్వాలి. రెండు నిమిషాలు కూర్చుంటే ఒకటి చదివి వినిపిస్తాను.”

“రేపు విందాం లెండి. బస్సెళ్ళిపోతుంది.”

మర్నాడు ఆయన రాలేదు. ఆ వారమంతా రాలేదు.

నెల దాటాక ఒక పెద్దావిడ వచ్చింది.

“తాతారావు గారి భార్యనండి, వీరాయమ్మని. ఆయన కాలం చేసేరు.” పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టింది. “‘మేడం గారు చెప్పినట్టే మార్చేను, ఓసారి నడిపించి చూడమను’ అన్నారండి.”

సలోమి పెన్ డ్రైవ్ కంప్యూటర్‌కి తగిలించింది. కూర్చుని ప్రోగ్రాం నడిపింది.

ముప్ఫై ఒక్క ఫైళ్ళు వచ్చాయి. పేర్లు చూసుకుంటూ పోయి ఒకచోట ఆగిపోయింది.

ఏసుదాసు, రాజోలు.

అది నాన్న పేరు. ఆమెకు నాలుగేళ్ళప్పుడు, పనికెళ్ళిన మస్కట్‌లోనే చనిపోయాడు.

తెరిచింది.

‘మార్తా, మన సలోమి నడుస్తోందా? పడితే పడనీ, ఎత్తుకోకు. నేనొచ్చేసరికి పరిగెత్తుకుంటూ ఎదురు రావాలి.’

ఆ మాటలు ఆమెకు కంఠతా వచ్చు. ఆ ఉత్తరం ఇంట్లో అమ్మ పెట్టెలో ఉంది. నాన్నంటే ఆమెకు మిగిలినదల్లా ఆ గుండ్రటి అక్షరాలే. పలక పట్టిన వయసులో వాటి మీద వేలు పెట్టి దిద్దుకునేది. ఇప్పటికీ, ఎవరూ చూడకుండా, దిద్దుకుంటుంది.

“పిన్ని గారూ, ఇవి ఆయన దగ్గరికెలా వచ్చేయండీ?”

“మస్కట్‌లో ఈయన గదిలో ఉండి వెళ్ళినవాళ్ళెవరికీ రాయడం రాదండి,” అంది వీరాయమ్మ. “వాళ్ళు చెబుతుంటే ఈయన ముందు నోటుపుస్తకంలో రాసుకుని, తర్వాత కుదురుగా ఉత్తరంలోకి దించేవారు. ఇళ్ళకి చేరిన ప్రతి అక్షరమూ ఈయన చేతిరాతేనండి.”