ఎల్లొస్తానమ్మా

శ్రీకాకుళంలో కారెక్కింది మొదలు నౌపడ దాకా ధనలక్ష్మి డ్రైవరు పైడిరాజు మీద సణుగుతూనే ఉంది. మెల్లిగా పోతే ఆలస్యమని, జోరుగా పోతే భయమని. పొద్దుట్నుంచి అతనికిది నాలుగో బేరం. బదులు చెప్పే ఓపిక కూడా లేదు.

భర్త పోయిన ఈశ్వరిని పలకరించి, ధనలక్ష్మి అరగంటకే లేచింది. ఎవరికీ చెప్పకుండా వచ్చి కారులో కూర్చుంది.

పైడిరాజు మంచినీళ్ళు తాగిన గ్లాసును ఈశ్వరికి తిరిగిచ్చాడు. అలసటలో, ప్రతి గుమ్మం దగ్గరా అనే మాటే నోటికొచ్చేసింది.

"ఎల్లొస్తానమ్మా."

అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"ఒరే!" కారులోంచి ధనలక్ష్మి అరిచింది. "సావింటికాడ ఎల్లొస్తానంతారేటిరా? మళ్ళీ ఇలాటి పనికే వస్తావేటి?"

"తప్పయిపోనాదమ్మా. పొద్దుట్నుంచి తిండి లేదు, బుర్ర పన్సేయట్లేదు."

ఈశ్వరి ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టింది.

"తిట్టకొదినా," అంది. "నువ్వు రా బాబూ, ఇటేపు బేరమొస్తే ఆగు."

తర్వాత ధనలక్ష్మి వైపు చూసింది.

"నాల్రోజుల్నుంచి ఊరంతా వచ్చినారు, సెప్పకుండా లేసి ఎలిపోనారు. మళ్ళీ వస్తానన్నోడు ఈడొక్కడే."