తేమ పుల్ల

ఊరికంతటికీ మిగిలింది ఒక్కటే బోరు. ఎవరి చేను ఎండిందో ఆ చేలో పాతిన తేమ పుల్ల దానికి చెబుతుంది. నీళ్లు ఆ చేనికే పారతాయి. వంతుల కోసం తలలు పగలగొట్టుకునే రోజులు పోయాయని అందరూ సంబరపడ్డారు, కుళ్లాయప్ప కూడా.

వేరుశనగ ఊడలు దిగే వేళకి బోరు నీళ్లు అందరికీ చాలక అతని చేను వాడుముఖం పట్టింది. అప్పటినుంచి రోజూ తెల్లారగానే చెంబు పట్టుకుని బయలుదేరేవాడు. చెంబుతో పోయేవాణ్ణి ఎక్కడికని ఎవరడుగుతారు? పక్కచేని సుంకమ్మ పుల్ల పాతిన చోట ఆ నీళ్లు ఒంపి వచ్చేవాడు. ఆమె చేను తడిగా ఉందనుకుని, బోరు ఆమె నీళ్లు కూడా అతని చేనికే పారించేది.

సుంకమ్మ ఎండుటాకులు నలిపి చూసుకుని, "నా కండ్లే పోయినాయేమో నాయనా. పుల్ల అబద్ధం చెప్తాదా?" అనేది. అతను తల దించుకునేవాడు. తన కోసం దిగులు పడుతున్నాడనుకునేది ఆమె. మర్నాడు మళ్లీ చెంబు తీసేవాడు.

చెట్లు పీకే రోజు ఆమె కొంగులో కాయలు కట్టుకుని అతనింటికి వచ్చింది.

"చేనంతా మాడిపాయ కుళ్లాయప్పా. పుల్ల కాడ ఒక్క చెట్టు మాత్రం పచ్చగా నిలబడి కాసింది. ఏ దేవుడు నీళ్లు పోసినాడో! తొలికాయ నువ్వే తినల్ల. నా చేను చూసి బాధపడినోడివి నువ్వొక్కడివే."

అతను చెయ్యి చాచలేకపోయాడు. ఆమే కాయ ఒలిచి అరచేతిలో పెట్టి, నోట్లో వేసుకునేదాకా కదల్లేదు.

గింజ తియ్యగానే ఉంది.