తోడల్లుడి ఫ్లష్ ట్యాంకు

దొంగతనానికి చిన్నల్లుడు ఎంచుకున్న చోటు తోడల్లుడి బాత్రూమ్. ఎంచుకున్న వేళ ఆదివారం మధ్యాహ్నం, భోజనాలై అందరూ నడుం వాల్చే సమయం. కాజేయాల్సిన సొత్తు ఫ్లష్ ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత. లోకంలో దొంగలు బంగారం కోసం కన్నాలు వేస్తారు, తన రాత ఇలా ఏడ్చిందేమిటా అనుకుంటూ లోపల గడియ పెట్టుకున్నాడు.

అది మామూలు మూత కాదు. ఒక్కో ట్యాంకుకి ఒక్కో రకం మూత తయారుచేయలేక విసిగిపోయిన ఒక కంపెనీ, ఏ ట్యాంకుకైనా సరిపోయేలా తిప్పి సరిచేసుకునే మూత కనిపెట్టిన వాళ్లకి ఉద్యోగం ఇస్తామంది. పోటీకి దిగిన అందరికీ ఒకే రకం నల్లటి రబ్బరు డొల్ల ఇచ్చింది. లోపల మర ఎలా అమర్చాలన్నది ఎవరి బుర్ర వాళ్లది.

చిన్నల్లుడు తన బుర్రని నమ్ముకుని ఉన్న ఉద్యోగం కాస్తా వదిలేశాడు. హార్డ్‌వేర్ కొట్టు నడుపుకునే పెద్దల్లుడు సరదాకి తనూ ఒకటి చేశాడు.

చిన్నల్లుడి మూత కారింది. మర విప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ కారింది. ఇంట్లో పగలూ రాత్రీ ఆ సన్నటి నీళ్ల చప్పుడే.

"పాపం, మూతని తిట్టకండి. మీరు పానా జారవిడిచినప్పుడే ట్యాంకు అడుగున అంచు పగిలింది. ఏది పెట్టినా ఇంతే," అంది భార్య ఓ రోజు.

"నీకేం తెలుసు? ఇది డిజైన్ సమస్య."

"నాకు తెలిసిందొక్కటే. సోమవారం మీరు నెగ్గకపోతే మంగళవారం నుంచి మా బావ కొట్లో కూర్చుని మేకులు తూచాలి. నేను మాట్లాడేశాను."

మేకులు తూచడం నామోషీ అని కాదు. తోడల్లుడి కొట్లో, తోడల్లుడి తక్కెడతో, అత్తగారు వచ్చి చూస్తుండగా తూచడం నామోషీ. ఆ ఊహకే అతనికి ముద్ద దిగడం మానేసింది.

ఈ రోజు భోజనానికి ముందు ఇదే బాత్రూమ్‌లో చెవులు రిక్కించి విన్నాడు. తన ఇంట్లో కాలవలా పారే చప్పుడు ఇక్కడ లేదు. అంతా నిశ్శబ్దం. తోడల్లుడి మూత కారడం లేదన్నమాట.

"మీ మూత ఎలా ఉంది అన్నయ్యా?" అని భోజనం దగ్గర కదిపి చూశాడు.

"ఏదో ఉందిలే తమ్ముడూ. తినేటప్పుడు ఆ కబుర్లెందుకు," అని పెద్దల్లుడు మాట దాటేశాడు.

గెలిచేవాడే ఇలా గుట్టుగా ఉంటాడని చిన్నల్లుడు తీర్మానించుకున్నాడు. తన మూత జేబులో వేసుకునే వచ్చాడు మరి.

ట్యాంకు మీది పలక మెల్లగా ఎత్తాడు. లోపల చుక్క నీరు లేదు. గోడకున్న కొళాయి ముందే కట్టేసి ఉంది. పోటీ దాకా మూత అరక్కూడదని కాబోలు, ఎంత జాగ్రత్తపరుడో! నిండు బకెట్ కాలికి తగిలితే పక్కకి జరిపి, గొలుసు విప్పి, తోడల్లుడి మూత తీసి తనది తగిలించాడు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. పనయ్యాక కొళాయి తిప్పి వదలడం ఇన్నాళ్ల ప్రయోగాల్లో చేతికి అలవాటైపోయింది. చెయ్యి దాని పని అది చేసేసింది.

"ఇంతసేపేమిటి మరిదీ, ఒంట్లో బాగానే ఉందా?" బయట నుంచి వదిన కేకేసింది.

"బాగానే ఉంది వదినా," అన్నాడు, జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తున్న మూతని అదిమిపట్టి.

ఇంటికెళ్లాక దాన్ని ఒక్కసారి పరీక్షించుకుందామని కూడా తోచలేదు. తన సరుకు మీద లేని నమ్మకం పక్కవాడి సరుకు మీద ఉండటం అతని పుట్టుజబ్బు.

మర్నాడు కంపెనీ గదిలో వరసగా ట్యాంకులు. ట్యాంకు నీళ్లలో నీలం రంగు కలుపుతారు. కింద తెల్లటి కమోడ్‌లోకి రంగు దిగితే మూత కారినట్టే. చిన్నల్లుడు తెచ్చిన మూత కింద కమోడ్ చూస్తుండగానే నీలమైపోయింది.

"ఇదెవరిదండీ?" అని అడిగాడు ఇంజనీరు.

నాది కాదు బాబోయ్ అని నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. తేలు కుట్టిన దొంగ అరవగలడా? "నాదేనండీ," అన్నాడు.

పక్కనే పెద్దల్లుడి వంతు. తెల్లటి కమోడ్ తెల్లగానే ఉంది. మర తిప్పి ఇంకో ట్యాంకుకి పెట్టారు. మరో ట్యాంకుకి పెట్టారు. చుక్క దిగలేదు. గదంతా చప్పట్లు.

చిన్నల్లుడికి ఒళ్లు మండిపోయింది. అంటే, అసలు సరుకు ఎక్కడో దాచి, ట్యాంకులో ఉత్తుత్తిది ఉంచాడన్నమాట! సొంత తోడల్లుడినే దొంగలా అనుమానించాడు! మనుషుల మీద ఆ మాత్రం నమ్మకం ఉండక్కర్లేదా?

ఇంతలో పెద్దల్లుడు పరుగున వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"నీ చెయ్యి ఎంత మంచిది తమ్ముడూ! నా మూత మొదటి నుంచీ కారుతుంటే సిగ్గేసి ఎవరికీ చెప్పలేక, కొళాయి కట్టేసి బకెట్‌తో నెట్టుకొస్తున్నాం. నిన్న నువ్వలా మా బాత్రూమ్‌కి వెళ్లొచ్చావో లేదో, ట్యాంకు నిండా నీళ్లు, చుక్క కారితే ఒట్టు! నేనెలాగూ ఇక్కడ ఉద్యోగంలో చేరుతున్నాను, రేపు కొట్లో బోణీ మాత్రం నీ చేత్తోనే!"