గుండ్రటి చుక్కలు

"వచ్చేసింది! దొంగ దొరికాడు!" అంటూ పెద్ద మేడం కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది.

ఆమె చేతిలో ఉన్నది చిన్న అట్టముక్క. పుట్టిన బిడ్డ మడమకు సూది గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు అద్ది, ఆరబెట్టి ఆ లేబొరేటరీకి పంపే కార్డు. అలాంటివి రోజుకు మూడు అట్టపెట్టెల నిండా వస్తాయి. వాటి వంతు వచ్చేదాకా మూలన పడి ఉంటాయి. వంతు ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి.

ఈ కార్డు సంగతి వేరు. లేబొరేటరీ పనితనానికి మార్కులేసే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. అందరూ మార్కుల సారు అంటారు. ఆయన మూడు నెలలకోసారి, జబ్బున్న రక్తంతో ఉత్తుత్తి బిడ్డ కార్డు ఒకటి తయారుచేయించి, చెప్పాపెట్టకుండా మామూలు కార్డుల్లో కలిపేస్తాడు. జబ్బు కనిపెడితే లేబొరేటరీకి గుర్తింపు ఉంటుంది. లేదంటే తాళమే. పెద్ద మేడం ప్రమోషనుకు నీళ్ళొదులుకోవడమే. గడువు పదిరోజుల్లోకి వచ్చేసరికి పాపం ఆవిడకు తిండి సయించడం మానేసింది.

"అది సారు కార్డేనని ఎలా తెలిసింది మేడం?" కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి అడిగింది.

"కళ్ళు పెట్టి చూడు. నాలుగు చుక్కలూ కంపాస్‌తో గీసినట్టు ఎంత గుండ్రంగా ఉన్నాయో! పుట్టిన టైము, బరువు, తల్లి ఫోన్ నంబరు, ఒక్క గడి వదల్లేదు. పైగా రక్తం తీసిన మర్నాడే మన బల్ల మీదుంది. మన ఆసుపత్రుల మొహాలకి ఇంత పద్ధతి కూడానా?"

ఆ మాటా నిజమే. మామూలు కార్డుల్లో చుక్కలన్నీ కలిసిపోయి మరకై ఉంటాయి. తల్లి పేరుండాల్సిన చోట టీ ఒలికి ఉంటుంది. తారీఖు కనిపిస్తే పండగే.

ఇక చూడాలి ఆ కార్డుకు జరిగిన రాచమర్యాదలు! మిషను తుడిచారు. దాచిపెట్టిన కొత్త కిట్టు విప్పారు. ఒకసారి కాదు, మూడుసార్లు పరీక్షించారు. మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. థైరాయిడ్ లోపం.

"దీనికి మందు లేదా మేడం?"

"ఎందుకు లేదూ? రోజుకో చిన్న మాత్ర. రెండు వారాల్లోపు మొదలెడితే పిల్లలు నిక్షేపంగా పెరుగుతారు. ఆలస్యమైతే బుర్ర ఎదగదు, ఇక బతుకంతా అంతే."

పాఠం చెప్పడంలో పెద్ద మేడం పెట్టింది పేరు.

"మరి ఈ నంబరుకు ఫోన్ చెయ్యనా?"

"పిచ్చిదానా! లేని తల్లికి ఫోనేంటే? అది వాళ్ళ ఆఫీసులో ఎవడిదో అయ్యుంటుంది, మన మొహాన నవ్వుతారు. ముందు సారుకు కలుపు."

అవతల మార్కుల సారు ఫోనెత్తగానే మేడం కార్డు సంగతి చెప్పేసింది.

"ఏ కార్డూ?... ఆ, ఆ! అదేనమ్మా, అదే. భలే పట్టేశారు! నూటికి నూరు!"

పెద్ద మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మాయి ఆ కార్డును 'ఉత్తుత్తి బిడ్డలు' అని రాసున్న ఫైల్లో భద్రపరిచింది.

నెల తిరిగాక లేబొరేటరీలోనే సభ పెట్టారు. మూలనున్న అట్టపెట్టెల్ని వరసగా పేర్చి, మీద తెల్లగుడ్డ కప్పి, దాని మీద కాఫీ కప్పులు సర్దారు. "ఒక్క బిడ్డను కూడా చేజారనివ్వని లేబొరేటరీ ఇది!" అని మార్కుల సారు మైకులో గొంతు చించుకుంటే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పెద్ద మేడం షీల్డును చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని ఫొటో దిగింది.

మార్కుల సారు తన ఆఫీసుకు తిరిగొచ్చి, తలుపు గడియపెట్టుకుని, బీరువా తెరిచి, ఈ మూడు నెలలకూ తాను పంపడం మరిచిపోయిన ఉత్తుత్తి బిడ్డ కార్డును, వేసిన సీలు వేసినట్టే ఉన్న కవరుతో సహా, ముక్కలు ముక్కలుగా చించేశాడు.