గాజుతొట్టిలో మధ్యవర్తి

"ఆయనకి చెప్పు, కాఫీ చల్లారిపోతోందని" అంది భార్య, తొట్టిలోని చేపతో. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయి ఏళ్లయింది. ఏం చెప్పుకోవాలన్నా ఆ పెంపుడు చేపతోనే చెప్పుకుంటారు.

ఇవాళ అది వెల్లకిలా తేలుతోంది.

"చచ్చిపోయిందండీ!" అనేసింది, తిన్నగా మొగుడితోనే.

"నువ్వేం పెట్టావు దానికి?" ఆయనా తిన్నగానే అడిగాడు.

అక్వేరియం షాపతను వచ్చి చూశాడు. నీళ్లు బాగున్నాయి. మేత మంచిదే. రోగం లేదు.

"ఎందుకు పోయిందో అంతుపట్టడం లేదు సార్. ఇంట్లో గొడవలేమైనా..."

"అబ్బే!" అన్నారిద్దరూ ఒక్కసారే.

సాయంత్రం మొగుడు కొత్త చేపతో వచ్చేసరికి, తొట్టిలో భార్య తెచ్చిన చేప ఈదుతోంది.

"ఆవిడకి చెప్పు, రెండెందుకని" అన్నాడు తన చేపతో.

"ఆయనకి చెప్పు, ఒక్కదానివల్ల కాలేదుగా అని" అంది ఆవిడ, తన చేపతో.